కండువా మారినా సభ్యత్వం పోదెందుకు? ఫిరాయింపుల నిరోధక చట్టం పనిచేసే తీరు

ఒక పార్టీ గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే కొన్ని నెలలకే ముఖ్యమంత్రి సమక్షంలో వేరే కండువా కప్పుకుంటారు. ఫొటోలు, వీడియోలు ఊరంతా చూస్తుంది. పాత పార్టీ స్పీకర్‌కు ఫిర్యాదు చేస్తుంది, తర్వాత హైకోర్టుకు, ఆపైన సుప్రీంకోర్టుకు వెళ్తుంది. ఆ ఎమ్మెల్యే మాత్రం అదే సభలో, అదే జీతంతో, అదే హోదాతో కొనసాగుతుంటారు. తెలుగు రాష్ట్రాల్లో 2014 నుంచి అన్ని ప్రధాన పార్టీలూ ఈ దృశ్యంలో ఒకసారి బాధితులుగా, ఒకసారి లబ్ధిదారులుగా కనిపించాయి. అయినా ప్రతిసారీ జనం అడిగే ప్రశ్న మారలేదు: చట్టం ఉంది కదా, వేటు ఎందుకు పడదు?

జవాబు కోసం చట్టం ఏం నిషేధించిందో చూస్తే సరిపోదు. ఎవరు తేల్చాలని చెప్పిందో, ఎప్పటిలోగా తేల్చాలో చెప్పకుండా ఎలా వదిలేసిందో కూడా చూడాలి. చిక్కంతా ఈ రెండో భాగంలోనే ఉంది.

పదో షెడ్యూల్ ఎందుకు వచ్చింది

1967 ఎన్నికల తర్వాత చాలా రాష్ట్రాల్లో ఒకే పార్టీ ఆధిపత్యం సడలింది. ప్రభుత్వాలు అటూ ఇటూ దూకే కొద్దిమంది చేతుల్లోకి వెళ్లాయి. ఆ ఏడాది హరియాణాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పదిహేను రోజుల్లోనే మూడుసార్లు పార్టీ మారారు. ‘ఆయారాం గయారాం’ అనే మాట అలా పుట్టింది. సమస్య పరిశీలనకు వై.బి. చవాన్ నాయకత్వంలో కమిటీ వేశారు. కానీ చట్టం రావడానికి 1985 దాకా ఆగాల్సి వచ్చింది. రాజీవ్ గాంధీ ప్రభుత్వం 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదో షెడ్యూల్‌ను చేర్చింది. మనం ఫిరాయింపుల నిరోధక చట్టం అని పిలిచేది దీన్నే. ఇది విడి చట్టం కాదు, రాజ్యాంగంలో భాగం. దీన్ని మార్చాలంటే రాజ్యాంగ సవరణే కావాలి. ఈ సంగతి చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

సభ్యత్వం పోయే దారులు

పార్టీ టికెట్ మీద గెలిచినవారికి రెండు దారులు. ఒకటి, పార్టీ సభ్యత్వాన్ని ‘స్వచ్ఛందంగా వదులుకోవడం’. రెండు, సభలో పార్టీ ఆదేశానికి, అంటే విప్‌కు, విరుద్ధంగా ఓటేయడం లేదా ఓటింగుకు దూరంగా ఉండడం. స్వతంత్రులుగా గెలిచినవారు ఏ పార్టీలో చేరినా వేటే. నామినేటెడ్ సభ్యులు బాధ్యతలు చేపట్టిన ఆరు నెలల్లోపు ఏదైనా పార్టీలో చేరవచ్చు, ఆ గడువు దాటాక కుదరదు.

మొదటి దారి గురించి ఒక అపోహ బలంగా ఉంది. ‘నేను పార్టీకి రాజీనామా చేయలేదు కాబట్టి ఇంకా అదే పార్టీ సభ్యుణ్ని’ అని ఫిరాయించినవారు తరచూ వాదిస్తారు. 1994లో గోవాకు సంబంధించిన రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనకు తలుపు మూసేసింది. రాజీనామా లేఖ లేకపోయినా ప్రవర్తనను బట్టి పార్టీని వదిలేసినట్టు నిర్ధారించవచ్చని చెప్పింది. అందుకే ఫిర్యాదులో సాక్ష్యాలు ముఖ్యం. ఎదుటి పార్టీ సభల్లో పాల్గొన్న వీడియోలు, బహిరంగ ప్రకటనలు, ప్రచారంలో వాడిన ఫ్లెక్సీలు, అన్నిటికంటే బలంగా, మరో పార్టీ బీఫారంతో వేసిన నామినేషన్.

పార్టీయే బహిష్కరిస్తే? 1996 నాటి జి. విశ్వనాథన్ తీర్పు ప్రకారం, బహిష్కృతుడైనా పదో షెడ్యూల్ అవసరాల మేరకు తనను గెలిపించిన పార్టీ సభ్యుడి కిందే లెక్క. బహిష్కరించారు కదా అని మరో పార్టీలో చేరితే వేటు పడుతుంది.

విప్ ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు

విప్ ధిక్కరించగానే సభ్యత్వం దానంతట అది పోదు. పార్టీ ముందుగా అనుమతి ఇచ్చి ఉండకూడదు, ఓటింగు జరిగిన 15 రోజుల్లోగా క్షమించి ఉండకూడదు. ఈ రెండూ కలిస్తేనే అనర్హత ప్రశ్న పుడుతుంది. రెండో దారిలో సాక్ష్యం సమస్య తక్కువ, ఓటు సభ రికార్డులోనే ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 డిసెంబరు అవిశ్వాస తీర్మానంలో విప్‌ను కాదన్నవారిపై 2012 మార్చిలో వేటు పడింది. ఆ ఏడాది జూన్‌లో 18 అసెంబ్లీ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే వైఎస్సార్ కాంగ్రెస్ 15 గెలుచుకుంది. 2013 మార్చి అవిశ్వాసం తర్వాత కూడా అదే ఏడాది జూన్‌లో 15 మందిపై అప్పటి స్పీకర్ నాదెండ్ల మనోహర్ వేటు వేశారు. ఓటు రికార్డులో ఉన్నచోట నిర్ణయం రెండు మూడు నెలల్లో వచ్చిందని గమనించండి.

విప్ ఎవరు జారీ చేయాలన్నదీ వివాదమే. మహారాష్ట్ర శివసేన చీలిక కేసులో 2023 మే 11న సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. విప్ జారీ చేసే వ్యక్తినీ సభాపక్ష నేతనూ నియమించే అధికారం రాజకీయ పార్టీది, ఎమ్మెల్యేల గుంపుది కాదు. రాజ్యసభ, రాష్ట్రపతి ఎన్నికల్లో వేసే ఓటు సభా కార్యక్రమం కాదు కాబట్టి అక్కడి క్రాస్ ఓటింగును విప్ ధిక్కరణ కింద పట్టుకోలేరు.

ఈ విప్ మీద న్యాయమైన విమర్శ ఒకటుంది. బడ్జెట్, అవిశ్వాసం సరే, ప్రతి బిల్లుకూ విప్ జారీ చేస్తే ఎమ్మెల్యే తన నియోజకవర్గం తరఫున మాట్లాడేదెలా? 1990లో దినేశ్ గోస్వామి కమిటీ అనర్హతను విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి వాటికే పరిమితం చేయాలని సూచించింది. దానికి ఎదురు వాదన కూడా తేలికైనది కాదు. ఓటరు వ్యక్తితో పాటు గుర్తునూ ఎంచుకున్నాడు, ఆ గుర్తు ఇచ్చిన హామీలు బిల్లుల రూపంలోనే అమలవుతాయి, మరి వాటికి కట్టుబడి ఉండాలనడం తప్పెలా అవుతుంది?

మూడింట రెండొంతులు: లెక్క వేసి చూద్దాం

మొదట్లో చట్టంలో రెండు మినహాయింపులుండేవి. శాసనసభాపక్షంలో మూడింట ఒక వంతు బయటికి వస్తే ‘చీలిక’. మూడింట రెండొంతులు మరో పార్టీలో కలిస్తే ‘విలీనం’. చీలిక మినహాయింపు చిల్లరగా దూకేవాళ్లను పట్టుకుని టోకుగా దూకేవాళ్లను వదిలేసింది. అందుకే 91వ సవరణ ద్వారా 2003లో దాన్ని తొలగించారు. మిగిలింది విలీనం ఒక్కటే.

షరతు ‘మూడింట రెండొంతులకు తగ్గకుండా’. భిన్నం వస్తే పై సంఖ్యకు పోవాలి. 2018 తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 19 మంది గెలిచారు. పందొమ్మిదిలో రెండొంతులంటే 12.67, అంటే 13 మంది కావాలి. నల్గొండ ఎంపీగా గెలిచిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయడంతో బలం 18కి దిగింది. అప్పుడు కావాల్సింది సరిగ్గా 12. 2019 జూన్ 6న 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమైనట్టు స్పీకర్ గుర్తించారు. ఒక్క రాజీనామా గీతను ఒక మెట్టు కిందికి జరిపింది.

అదే నెల 20న ఢిల్లీలో ఇదే లెక్క మరో రూపంలో కనిపించింది. రాజ్యసభలో తెలుగుదేశానికి ఆరుగురు. వై.ఎస్. చౌదరి, సీఎం రమేశ్, టీజీ వెంకటేశ్, గరికపాటి మోహనరావు బీజేపీలో కలిశారు. ఆరులో నాలుగు సరిగ్గా రెండొంతులు, అనర్హత సమస్యే రాలేదు.

ఇప్పుడు పాస్ కాని లెక్క చూడండి. 2023 ఎన్నికల్లో బీఆర్ఎస్ 39 గెలిచింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎమ్మెల్యే మరణం, ఆపై ఉప ఎన్నికలో ఓటమితో ఆ సంఖ్య 38 అయింది. రెండొంతులంటే 25.33, కాబట్టి 26 మంది కావాలి. కాంగ్రెస్ వైపు వెళ్లినవారు పది మంది. అందుకే వారికి విలీనం అనే రక్షణ లేదు. కేసు మొత్తం ‘అసలు వాళ్లు పార్టీ మారారా లేదా’ అన్న వాస్తవం చుట్టూ తిరిగింది.

ఒకరి తర్వాత ఒకరు వస్తే?

2019లో ఆ 12 మంది ఒకే రోజు రాలేదు. మార్చి నుంచి విడతల వారీగా వచ్చారు. అప్పుడు మొదటగా వచ్చిన వ్యక్తి పార్టీ మారిన రోజున రెండొంతులు లేవు కదా? దీనికి దగ్గరి జవాబు 2007 నాటి రాజేంద్రసింగ్ రాణా తీర్పులో ఉంది. ఉత్తరప్రదేశ్‌లో 2003 ఆగస్టు 27న 13 మంది బీఎస్పీ ఎమ్మెల్యేలు గవర్నర్‌ను కలిసి ప్రత్యర్థి పార్టీ నాయకుణ్ని ప్రభుత్వ ఏర్పాటుకు పిలవాలని కోరారు. తర్వాత 37 మందిమి చీలామని చెప్పుకున్నారు. పార్టీని వదిలిన రోజే అనర్హత పుడుతుందనీ, తర్వాత సంఖ్య పెంచుకుని దాన్ని కప్పిపుచ్చలేరనీ సుప్రీంకోర్టు చెప్పి, ఆ 13 మందిని తానే అనర్హులుగా ప్రకటించింది. అది చీలిక మీద వచ్చిన తీర్పు. అదే తర్కం విలీనానికీ వర్తించాలన్నది సహజమైన వాదన. కానీ ఫిర్యాదును స్పీకర్ పక్కన ఉంచి, సంఖ్య నిండాక విలీనాన్ని ముందు గుర్తిస్తే, ఆ తర్కాన్ని పరీక్షించే సందర్భమే రాకుండా పోతుంది.

ఇంతకంటే లోతైన ప్రశ్న ఇంకొకటి. విలీనం కావాల్సింది పార్టీయా, శాసనసభాపక్షమా? పదో షెడ్యూల్ నాలుగో పేరా మొదటి భాగం ‘మాతృ పార్టీ’ మరో పార్టీలో విలీనమవడం గురించి మాట్లాడుతుంది. రెండో భాగం, సభాపక్షంలో రెండొంతులు ఒప్పుకుంటే విలీనం జరిగినట్టు భావించాలంటుంది. రెండూ కలిపి చదవాలనేవారి వాదన ప్రకారం ముందు పార్టీ విలీనమవ్వాలి, తర్వాత ఎమ్మెల్యేల సమ్మతి కావాలి. ఢిల్లీలో ఏఐసీసీ ఉండగా ఒక రాష్ట్రంలోని 12 మంది కాంగ్రెస్‌ను ఎలా విలీనం చేస్తారన్నది వాళ్ల ప్రశ్న. రెండో భాగం విడిగా నిలబడుతుందనేవారు, ఎమ్మెల్యేల సంఖ్యే కొలమానమంటారు. గోవాలో 15 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో పది మంది 2019లో బీజేపీలో కలిసిన కేసులో బాంబే హైకోర్టు 2022లో రెండో వాదనవైపే మొగ్గింది. ఆచరణలో స్పీకర్లంతా పట్టుకున్నది కూడా దాన్నే. చట్టం పాఠం చదివితే మొదటి వాదనకే బలం ఎక్కువనిపిస్తుంది. లేకపోతే ‘మాతృ పార్టీ’ అన్న మాటకు అక్కడ పనే ఉండదు.

తీర్పరి ఎవరు

ఇక అసలు చోటికొచ్చాం. ఆరో పేరా ప్రకారం ఫిర్యాదును తేల్చేది అసెంబ్లీలో స్పీకర్, మండలిలో, రాజ్యసభలో చైర్మన్. ఫిర్యాదు సివిల్ దావా పత్రంలా ధ్రువీకరణతో ఉండాలి. లోక్‌సభ నిబంధనల్లో సభ్యుడి జవాబుకు ఏడు రోజుల గడువుంది. తుది నిర్ణయానికి మాత్రం గడువు ఎక్కడా లేదు.

స్పీకర్ నిర్ణయంలో కోర్టులు తలదూర్చకూడదని ఏడో పేరా చెప్పేది. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3-2 మెజారిటీతో పదో షెడ్యూల్‌ను సమర్థిస్తూనే ఏడో పేరాను కొట్టేసింది. హైకోర్టుల, సుప్రీంకోర్టు అధికారాలను తగ్గించే సవరణకు సగం రాష్ట్రాల అసెంబ్లీల ఆమోదం అవసరం, అది తీసుకోలేదు. ఫిరాయింపు కేసులో స్పీకర్ ట్రిబ్యునల్ (కోర్టులా తీర్పు చెప్పే వ్యవస్థ) అనీ, ఆయన నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చనీ అప్పుడే తేలింది. మెజారిటీ తీర్పుతో విభేదించిన ఇద్దరు న్యాయమూర్తులు అన్న మాట మాత్రం ముప్పై ఏళ్లుగా వెంటాడుతోంది: సభలో మెజారిటీ మీద ఆధారపడి పదవిలో ఉండే స్పీకర్, ఆ మెజారిటీని తేల్చే కేసులో స్వతంత్ర తీర్పరి కాలేరు.

కానీ అదే తీర్పులో మెజారిటీ మరో గీత గీసింది. స్పీకర్ నిర్ణయం వచ్చాకే కోర్టు సమీక్ష, మధ్యలో జోక్యం వద్దని. ఈ రెండూ కలిపి చూస్తే లొసుగు కనిపిస్తుంది. నిర్ణయం ఇస్తే కోర్టుకు పోవచ్చు. ఇవ్వకపోతే? నిర్ణయం లేదు కాబట్టి సమీక్షా లేదు. ఫిర్యాదును కొట్టేయడం కంటే పెండింగులో పెట్టడమే ఫిరాయించినవారికి సురక్షితం.

కాలయాపన ఎలా పనిచేస్తుంది

2014లో ఆంధ్రప్రదేశ్‌లో 67 సీట్లు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు. 67లో రెండొంతులు 45, కాబట్టి విలీనం వర్తించదు. వారిలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. వేటు పడలేదు. తెలంగాణలో తెలుగుదేశం టికెట్ మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ 2014 డిసెంబరులో టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ఫిరాయించినవారు మంత్రి కాకూడదని 91వ సవరణ స్పష్టంగా చెబుతోంది కదా అనిపిస్తుంది. ఆ నిషేధం ‘అనర్హుడైన’ సభ్యుడికి. అనర్హత తేలేదాకా ఆ నిషేధమూ నిద్రలోనే ఉంటుంది.

2019 తర్వాత పాత్రలు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం నుంచి నలుగురు అధికారపక్షం వైపు జరిగారు. తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి నలుగురు ఎదురుతిరిగారు. ఎనిమిది మందిపైనా వేటు 2024 ఫిబ్రవరి చివర్లో పడింది, సార్వత్రిక ఎన్నికలకు కొన్ని వారాల ముందు. ఏడాదిలోపే పదవీకాలం మిగిలితే ఉప ఎన్నిక అవసరం లేదని ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఆ వేటుకు ఆచరణలో మిగిలిన విలువ చాలా తక్కువ.

నిర్ణయం త్వరగా రావడం అసాధ్యమేమీ కాదు. రాజ్యసభలో శరద్ యాదవ్‌పై 2017 సెప్టెంబరులో ఫిర్యాదు వస్తే, చైర్మన్ వెంకయ్యనాయుడు డిసెంబరు 4న అనర్హత ప్రకటించారు. ప్రత్యర్థి పార్టీల సభలో పాల్గొనడమే సాక్ష్యం. మూడు నెలలు పట్టింది. ఆ నిర్ణయాన్ని తొందరపాటు అన్నవారూ ఉన్నారు, ఎందుకంటే అది అప్పటి అధికార కూటమికి అనుకూలం. వేగం కూడా ఎంచుకుని వాడితే పక్షపాతంలాగే కనిపిస్తుంది. గడువు అందరికీ ఒకటే ఉండాలనే వాదన బలం అక్కడే.

తెలంగాణ పది మంది కేసు చెప్పింది ఏమిటి

మూడు నెలల కొలత కొత్తది కాదు. మణిపూర్ కేసులో 2020 జనవరి 21న జస్టిస్ నారీమన్ ధర్మాసనం, అసాధారణ పరిస్థితులు లేకపోతే మూడు నెలల్లో తేల్చాలని చెప్పింది. స్పీకర్ తేల్చకపోవడంతో అదే ఏడాది మార్చిలో, పార్టీ మారి మంత్రి అయిన ఆ ఎమ్మెల్యేను 142వ అధికరణం (సంపూర్ణ న్యాయం కోసం సుప్రీంకోర్టుకున్న ప్రత్యేక అధికారం) కింద పదవి నుంచి తొలగించింది, అసెంబ్లీలో అడుగుపెట్టవద్దంది.

తెలంగాణలో ఫిర్యాదులు 2024లోనే మొదలయ్యాయి. దానం నాగేందర్ ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థిగా సికింద్రాబాద్‌లో పోటీ చేశారు. సెప్టెంబరు 9న హైకోర్టు సింగిల్ జడ్జి, విచారణ షెడ్యూలు నాలుగు వారాల్లో ఖరారు కావాలన్నారు. నవంబరులో డివిజన్ బెంచ్ దాన్ని పక్కనపెట్టి, ‘సహేతుక సమయంలో’ తేల్చాలని స్పీకర్‌కే వదిలింది. 2025 జూలై 31న ప్రధాన న్యాయమూర్తి గవాయ్, జస్టిస్ మసీహ్ ధర్మాసనం డివిజన్ బెంచ్ తీర్పును రద్దు చేసి, స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టింది. ఎమ్మెల్యేలు విచారణను సాగదీస్తే వారికి ప్రతికూలంగా భావించవచ్చంది. స్పీకర్లకు ఈ బాధ్యత అప్పగించడం ఫలిస్తోందో లేదో పార్లమెంటు ఆలోచించాలని కూడా సూచించింది. డిసెంబరులో స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ వారిలో ఐదుగురిపై ఫిర్యాదులను ఆధారాలు లేవంటూ కొట్టేశారు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. కోర్టు గడువు పెట్టగలిగింది, తీర్పు ఎలా ఉండాలో చెప్పలేదు. కానీ నిర్ణయం వచ్చింది కాబట్టి ఇప్పుడు దాన్ని సమీక్షకు తీసుకెళ్లే దారి తెరుచుకుంది. పెండింగు ఫైలుకు ఆ దారి లేదు.

రాజీనామా అనే పక్కదారి

పార్టీ మారాలనుకునేవారికి నిజాయతీ గల దారి రాజీనామా చేసి మళ్లీ గెలవడం. స్పీకర్ ఫార్మాట్‌లో లేఖ ఇవ్వాలి, అది స్వచ్ఛందమేనని స్పీకర్ సంతృప్తి చెందాలి. ఇక్కడా గడువు లేదు. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో రాజీనామా ఇస్తే, 2024 జనవరిలో, రాజ్యసభ ఎన్నికల ముంగిట ఆమోదించారు.

కర్ణాటకలో 2019లో 17 మందిపై స్పీకర్ వేటు వేసి, సభ గడువు ముగిసేదాకా పోటీ చేయకూడదన్నారు. సుప్రీంకోర్టు వేటును సమర్థించింది, పోటీ నిషేధాన్ని కొట్టేసింది. డిసెంబరులో 15 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే బీజేపీ 12 గెలిచింది. అంటే పదో షెడ్యూల్ కింద పడే శిక్ష సీటు కోల్పోవడం వరకే. మళ్లీ నిలబడి గెలిస్తే మంత్రి కావడానికీ అడ్డు లేదు.

మార్చాలంటే ఏం మార్చాలి

తీర్పరిని మార్చాలనేది మొదటి ప్రతిపాదన. లాభదాయక పదవి వంటి ఇతర అనర్హతల్లో ఎన్నికల సంఘం సలహాపై గవర్నర్ లేదా రాష్ట్రపతి నిర్ణయిస్తారు, అదే పద్ధతి తేవాలని గోస్వామి కమిటీ చెప్పింది. మాజీ న్యాయమూర్తి నాయకత్వంలో స్థిర ట్రిబ్యునల్ కావాలని మణిపూర్ తీర్పు సూచించింది. దీనికి అభ్యంతరం చెప్పేవారు, సభ సభ్యత్వాన్ని బయటివారు తేల్చడం సభ స్వతంత్రతకు దెబ్బ అంటారు. గవర్నర్లు, ఎన్నికల సంఘం మీదా పక్షపాత ఆరోపణలున్నాయని గుర్తుచేస్తారు. రెండూ పట్టించుకోవాల్సిన మాటలే. విలీన మినహాయింపునే ఎత్తేయాలని 1999లో లా కమిషన్ 170వ నివేదిక కోరింది.

తీర్పరిని మార్చడానికి రాజ్యాంగ సవరణ కావాలి, కోర్టుల అధికారాన్ని తాకితే సగం రాష్ట్రాల ఆమోదమూ కావాలి. గడువు పెట్టడానికి మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. ఎనిమిదో పేరా ప్రకారం విచారణ నిబంధనలు రూపొందించే అధికారం స్పీకర్‌దే. వాటిని సభ ముందు 30 రోజులు ఉంచితే చాలు. సభ్యుడి జవాబుకు ఏడు రోజులన్న నిబంధన అలా వచ్చిందే. స్పీకర్ నిర్ణయానికి తొంభై రోజులన్న వాక్యాన్ని కూడా ఏ అసెంబ్లీ అయినా అదే పద్ధతిలో చేర్చుకోవచ్చు.